పొటోమాక్ ఒడ్డున పక్షులు చూడటానికి ఎలా వెళ్లాలి? అమ్మానాన్నలతో, పిల్లలతో కూడా

ఏప్రిల్ వచ్చిందంటే ఉత్తర వర్జీనియాలో ఉండే మనవాళ్లు అడిగేవి దాదాపు ఇవే. పక్షులు చూడ్డానికి ఎక్కడికి వెళ్లాలి? ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారు, వాళ్లు నడవగలరా? బైనాక్యులర్ కొనాల్సిందేనా? ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

నేను చెప్పబోయేది రివర్‌బెండ్ పార్క్ గురించి. గ్రేట్ ఫాల్స్ ఊళ్లో, పొటోమాక్ నది ఒడ్డున ఉంటుంది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ వాళ్ల పార్క్, లోపలికి వెళ్లడానికి టికెట్ లేదు. దీని పక్కనే గ్రేట్ ఫాల్స్ పార్క్ అని ఇంకొకటి ఉంది. అది నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్లది, అక్కడ కారుకి డబ్బు కట్టాలి. మ్యాప్‌లో 'గ్రేట్ ఫాల్స్' అని కొట్టేసి, ఆ గేటు ముందు కార్ల లైన్‌లో ఇరుక్కుపోయి ఫోన్ చేసేవాళ్లు ఏటా ఉంటారు. జలపాతం చూడాలంటే అక్కడికి వెళ్లండి. పక్షుల కోసమైతే మ్యాప్‌లో 'రివర్‌బెండ్ పార్క్' అనే కొట్టండి.

ఎప్పుడు వెళ్లాలి

ఏప్రిల్ మధ్య నుంచి మే మధ్య వరకు అన్నిటికంటే మంచి కాలం. చలికాలమంతా మధ్య అమెరికాలో, కరీబియన్ దీవుల్లో గడిపిన వార్బ్లర్లనే చిన్న చిన్న పిట్టలు ఆ నెలలో ఉత్తరానికి వస్తాయి. రాత్రంతా ఎగిరి, తెల్లవారేసరికి నది ఒడ్డున చెట్లలో దిగి పురుగులు ఏరుకు తింటాయి. అప్పటికి ఆకులు పూర్తిగా విచ్చుకోవు కాబట్టి మన కంటికి ఆనుతాయి. పైగా ఏప్రిల్ మధ్యలో ఇక్కడ బ్లూబెల్ పూలు నేలంతా నీలంగా పరుచుకుంటాయి. పూల కోసం జనం ఎగబడతారు, శని ఆదివారాల్లో పార్కింగ్ త్వరగా నిండిపోతుంది. వీలైతే మామూలు రోజుల్లో వెళ్లండి.

ఉదయం ఏడు, ఏడున్నరకల్లా ట్రెయిల్ మీద ఉండాలి. పది దాటాక కూతలు తగ్గిపోతాయి. "టిఫిన్ చేసి మెల్లగా బయల్దేరదాం" అనుకుంటే పక్షులు దక్కవు, నది మాత్రం దక్కుతుంది. గేటు ఎన్నింటికి తీస్తారో ముందురోజు కౌంటీ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

అమ్మానాన్నలు జూన్, జూలైల్లో వస్తే? వెళ్లొచ్చు. ఇక్కడే గూళ్లు కట్టే పక్షులు అప్పుడూ ఉంటాయి. కాకపోతే ఆకులు దట్టంగా ఉంటాయి, ఉక్కపోత, దోమలు. చలికాలంలో చెట్లు బోడిగా ఉంటాయి కాబట్టి వడ్రంగి పిట్టలు, నీళ్ల మీద బాతులు చాలా బాగా కనిపిస్తాయి. చలికి ఓర్చుకునేవాళ్లకి మొదటి నడకగా నేను చలికాలాన్నే చెబుతాను.

పెద్ద వాన పడ్డ మర్నాడు వెళ్లకండి. నది పొంగితే ఒడ్డు వెంట దారి నీళ్లలో ఉంటుంది. పొంగకపోయినా బురద తప్పదు.

కావలసినవి

- 8×42 బైనాక్యులర్. 8 అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, 42 అంటే ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10×42 ఇంకా గొప్పదనుకుని కొనేస్తారు. చెయ్యి వణుకు కూడా పది రెట్లు కనిపిస్తుంది, పైగా చూపు మేర తగ్గిపోతుంది. మొదటిసారికి 8 చాలు. ఇద్దరికి ఒకటైనా సరిపోతుంది.
- ఫోన్‌లో మెర్లిన్ యాప్. కార్నెల్ యూనివర్సిటీ పక్షి పరిశోధన సంస్థ వాళ్లది, ఉచితం. కూత విని పేరు చెబుతుంది. మీ ప్రాంతం ప్యాక్‌ని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి. చెట్ల మధ్య సిగ్నల్‌ని నమ్ముకోవద్దు.
- చిన్న నోట్‌బుక్, పెన్సిల్.
- నిండు చేతుల చొక్కా, లేత రంగు ప్యాంటు, పొడుగు సాక్స్, బూట్లు. లేత రంగైతే బట్టల మీద పాకే టిక్ (ఒంటికి కరుచుకుని రక్తం పీల్చే చిన్న పురుగు) కంటపడుతుంది.
- టిక్‌లు, దోమలు దగ్గరికి రాకుండా డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న స్ప్రే. పర్మెత్రిన్ అని ఇంకొకటి అమ్ముతారు, అది బట్టలకి, బూట్లకి మాత్రమే. ఒంటికి రాయకూడదు.
- నీళ్లు, టోపీ.

అమ్మ చీరే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. లోపల లెగ్గింగ్, సాక్స్ వేయించండి. చెప్పులు వద్దు, బూట్లు తప్పనిసరి. కుచ్చిళ్లు గడ్డికి రాసుకోకుండా దారి మధ్యలోనే నడిపించండి.

తేకూడనివి: బ్లూటూత్ స్పీకర్, బాతులకి వేయడానికి బ్రెడ్డు. పులిహోర డబ్బా తెచ్చుకోండి కానీ కారులో ఉంచండి. తిరిగొచ్చాక విజిటర్ సెంటర్ దగ్గర బల్లల మీద కూర్చుని తినొచ్చు.

ఎలా చేయాలి

1. బైనాక్యులర్‌ని ఇంట్లోనే సరిచేసుకోండి. "నాకు రెండు గుండ్రాలు కనిపిస్తున్నాయి" అనే మాట పార్కులో వినబడకూడదు. ముందు రెండు గొట్టాలనూ దగ్గరకి, దూరానికి జరిపి ఒకే గుండ్రం కనిపించేలా చేయండి. తర్వాత కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో వీధి చివర బోర్డు చూస్తూ మధ్య చక్రం తిప్పండి. అక్షరాలు స్పష్టంగా రాగానే ఆపండి. ఇప్పుడు ఎడమ కన్ను మూసుకుని అదే బోర్డుని కుడి కంటితో చూస్తూ, కుడి గొట్టం దగ్గరున్న చిన్న రింగు తిప్పండి. చాలా మోడళ్లలో అది అక్కడే ఉంటుంది. మీ కళ్లకి సరిపోయే గుర్తు అదే, ఇక దాన్ని కదపక్కర్లేదు. పార్కులో మధ్య చక్రం ఒక్కటే తిప్పుతారు.

కళ్లజోడు ఉన్నవాళ్లు కంటికి ఆనే రబ్బరు కప్పులు కిందికి దించాలి. లేనివాళ్లు పైకి తీయాలి. నాన్నగారికి ఏమీ కనిపించట్లేదంటే పదిలో తొమ్మిదిసార్లు కారణం ఈ కప్పులే.

2. ఐదారు పక్షుల్ని ముందే గుర్తుపెట్టుకోండి. వంద పేర్లు బట్టీ పట్టక్కర్లేదు. రోజూ కనబడేవి తెలిస్తే కొత్తది వచ్చినప్పుడు వెంటనే తెలుస్తుంది.

కార్డినల్: మగది ఒళ్లంతా ఎరుపు, నెత్తిన జుట్టు. ఆడది బూడిద గోధుమ రంగు, ముక్కు మాత్రం నారింజ. 1950 నుంచి వర్జీనియా రాష్ట్ర పక్షి ఇదే. గ్రేట్ బ్లూ హెరాన్: మనిషి నడుం దాకా వచ్చే బూడిద నీలం కొంగ, నీళ్ల అంచున కదలకుండా నిలబడుతుంది. రెడ్ బెల్లీడ్ వడ్రంగి పిట్ట: పేరులో పొట్ట ఎరుపు అని ఉన్నా కనబడేది తల మీది ఎరుపే. వీపు మీద నలుపు తెలుపు చారలు. కెరొలైనా రెన్: పిచ్చుకంత ఉండదు, గొంతు మాత్రం అడవంతా వినిపిస్తుంది. టఫ్టెడ్ టిట్‌మౌస్: బూడిద రంగు, చిన్న జుట్టు, "పీటర్ పీటర్ పీటర్" అని అరుస్తుంది. ఇక ఆకాశంలో రెక్కలు 'వి' ఆకారంలో పైకెత్తి, గాలికి అటూ ఇటూ ఊగుతూ తిరిగేది టర్కీ వల్చర్ అనే రాబందు.

3. నడక మొదలుపెట్టే ముందు పది నిమిషాలు నది దగ్గర నిలబడండి. విజిటర్ సెంటర్‌కి దగ్గర్లోనే పడవలు దించే చోటు ఉంది. అక్కణ్ణుంచి నది వెడల్పంతా కనిపిస్తుంది. నీటి మధ్య రాళ్ల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ ఉంటాయి. వసంతం నుంచి శరదృతువు దాకా ఆస్ప్రే కనబడొచ్చు. గాల్లో ఒక్కక్షణం ఆగి, కాళ్లు ముందుకు చాచి నీళ్లలోకి దూకి చేపతో లేస్తుంది. చలికాలంలో గోదావరి మీద, మన చెరువుల మీద తిరిగే కొర్రమీను గద్ద కూడా ఈ జాతే. మీ నాన్నగారు గుర్తుపట్టినా ఆశ్చర్యపోకండి. గరగరమని గిలక తిప్పినట్టు అరుస్తూ నీటి మీదుగా వెళ్లేది లకుముకి పిట్ట. ఇక్కడి బెల్టెడ్ రకంలో ఆడదానికే పొట్ట మీద ఇటుక రంగు పట్టీ అదనంగా ఉంటుంది.

నీళ్లలో కాలు పెట్టకండి, పిల్లల్నీ పెట్టనివ్వకండి. పైకి నిదానంగా కనిపించినా లోపల లాగేస్తుంది. దిగువన ముందు ఆనకట్ట, తర్వాత జలపాతం. ఈత కొట్టడం, నీళ్లలో దిగి నడవడం నిషేధం. ఫొటో కోసం రాళ్ల మీదికి ఎక్కడం కూడా వద్దు.

4. ఎడమవైపు, అంటే ఎగువకి నడవండి. నదికి ఎదురుగా నిలబడితే ఎడమచేతి వైపు దారి. ఇది పొటోమాక్ హెరిటేజ్ ట్రెయిల్‌లో భాగం, చాలావరకు చదునుగా ఒడ్డు వెంటే వెళుతుంది. కుడివైపు దారి ఆనకట్ట పక్కనుంచి గ్రేట్ ఫాల్స్ పార్క్ దాకా పోతుంది, అటువైపు జనం ఎక్కువ. ఎగువకి ఒక మైలు వెళ్లి వెనక్కి వస్తే మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు. పక్షులు చూస్తూ నడిస్తే రెండు, రెండున్నర గంటలు పడుతుంది.

గంటలోపే తిరిగొచ్చేశారంటే మీరు వాకింగ్ చేశారన్నమాట. ఐదు నిమిషాలు నడిస్తే ఐదు నిమిషాలు నిలబడాలి. మనం నడుస్తున్నంతసేపూ పక్షులు ఊరుకుంటాయి, ఆగిన రెండు మూడు నిమిషాలకి మళ్లీ కదులుతాయి. పొలాల్లో తిరిగిన పెద్దవాళ్లకి ఈ ఓపిక సహజంగానే ఉంటుంది. తొందరపడేది మనమే.

దారికి అడ్డంగా వేర్లు ఉంటాయి. పైకి చూస్తూ నడవకండి. ఆగి పైకి చూడండి, కిందికి చూసి నడవండి.

5. ఒక్క కూతని ఎంచుకోండి. మే నెల ఉదయం పది రకాల గొంతులు ఒకేసారి వినిపిస్తే మతిపోతుంది. అన్నిటికంటే దగ్గర్లో, అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఒకటి పట్టుకోండి. రెండు చేతులూ చెవుల వెనక దొప్పల్లా పెట్టి తల అటూ ఇటూ తిప్పితే ఏ వైపో తెలుస్తుంది. తర్వాత ఆ వైపు చెట్లలో కదలిక కోసం చూడండి. రంగు కోసం వెతకొద్దు, ముందు కంటికి చిక్కేది కదలికే.

6. కన్ను పక్షి మీదే ఉంచి బైనాక్యులర్ పైకెత్తండి. అందరూ తడబడేది ఇక్కడే. పిట్ట కనబడగానే తల దించి బైనాక్యులర్ కోసం చూస్తారు, మళ్లీ పైకి చూసేసరికి ఏ కొమ్మో తెలియదు. చూపు కదపకండి. గడ్డం కదపకండి. చేతులు మాత్రమే పైకి వచ్చి అద్దాలు కళ్లకి, పిట్టకి మధ్యలో చేరాలి. దారిలో ఎండుటాకుల మీద, బోర్డుల మీద నాలుగైదుసార్లు చేసి చూడండి, చేతికి అలవాటవుతుంది.

పక్కవాళ్లకి చూపించేటప్పుడు "అదిగో, ఆ చెట్టు మీద" అంటే ప్రయోజనం లేదు, అది అడవి. చెట్టుని గడియారం అనుకుని చెప్పండి: "తెల్ల మాను చెట్టు, రెండు గంటల దగ్గర కొమ్మ, చివరికి కొంచెం ఇవతల." వేలు చాచి ఊపితే పిట్ట ఎగిరిపోతుంది.

7. తెల్ల మాను చెట్ల కింద తప్పకుండా ఆగండి. ఇవి సికమోర్ చెట్లు. బెరడు పెచ్చులుగా రాలిపోయి, పై కొమ్మలు సున్నం వేసినట్టు తెల్లగా కనిపిస్తాయి. నది ఒడ్డునే ఎక్కువ. పారులా అనే బుల్లి వార్బ్లర్‌కీ, పసుపు గొంతు వార్బ్లర్‌కీ ఇవంటే ఇష్టం. పారులా కూత జుయ్యిమంటూ పైపైకి వెళ్లి చివర్లో టక్కున తెగిపోతుంది. అది ఉండేది చిటారు కొమ్మల్లో, తల ఎత్తి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది. కొంచెం దూరంగా జరిగి ఏటవాలుగా చూస్తే మెడకి హాయి, పిట్ట పొట్ట భాగం కాకుండా పక్కభాగం కూడా కనిపిస్తుంది.

మొదటిసారి వెళ్లేవాళ్లకి అదృష్టం బాగుంటే దొరికేది ప్రోథొనోటరీ వార్బ్లర్. తల, పొట్ట ముదురు పసుపు, రెక్కలు బూడిద నీలం. ఇది చిటారుకి పోదు. నీటి దగ్గర ఎండిన మోడుల చుట్టూ, కంటి ఎత్తులోనే తిరుగుతుంది, తొర్రల్లో గూడు పెడుతుంది. కనిపిస్తే ఉన్నచోటే ఆగిపోండి. తొర్ర దగ్గరకి వెళ్లి ఫోన్ పెట్టి ఫొటో తీయొద్దు.

8. ముందు రాసుకోండి, తర్వాతే యాప్ తెరవండి. నోట్‌బుక్‌లో నాలుగు మాటలు చాలు: పిచ్చుక కంటే పెద్దదా చిన్నదా, ముక్కు సన్నమా లావా, రెక్క మీద తెల్ల గీతలున్నాయా, ఏం చేస్తోంది. యాప్‌లో బొమ్మ చూశాక మన జ్ఞాపకం ఆ బొమ్మలాగే మారిపోతుంది. అందుకే ఈ వరస ముఖ్యం.

9. కారెక్కే ముందు, ఇంటికెళ్లాక టిక్‌ల కోసం చూసుకోండి. మోకాళ్ల వెనక, నడుం దగ్గర, చంకల్లో, చెవుల వెనక, జుట్టులో. చిన్న టిక్ గసగసంత ఉంటుంది. కరుచుకుని ఉంటే సన్నని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా పైకి లాగండి. మెలిపెట్టొద్దు, నూనె పోయొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు. తీశాక సబ్బుతో కడగండి. నల్లకాళ్ల టిక్ లైమ్ జ్వరం తెప్పిస్తుంది కానీ, అందుకు సాధారణంగా అది 24 గంటలకు పైగా పట్టుకుని ఉండాలి. అదేరోజు తీసేస్తే టెన్షన్ పడక్కర్లేదు. తర్వాతి వారాల్లో దద్దురు గానీ జ్వరం గానీ వస్తే మాత్రం డాక్టర్‌కి టిక్ సంగతి చెప్పండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

బ్లూబెల్ పూల మధ్యలో కూర్చుని ఫొటో దిగడం మొదటిది. పూలు నలిగిపోవడం ఒక ఎత్తు. ఆ పక్కనే పాయిజన్ ఐవీ ఉంటుంది: ఒకే కాడకి మూడు ఆకులు, మధ్య ఆకు కాడ కాస్త పొడుగు. చెట్టుకి అల్లుకున్న తీగ అయితే వెంట్రుకలు మొలిచిన తాడులా ఉంటుంది. తగిలితే రోజుల తరబడి దురద, బొబ్బలు. తగిలిందని అనుమానం వస్తే వీలైనంత త్వరగా సబ్బునీళ్లతో కడగండి. ఫొటో దారి మీద నిలబడి తీసుకున్నా బాగానే వస్తుంది.

రెండోది యాప్‌లో కూత ప్లే చేసి పక్షిని పిలవడం. గూడు కట్టే కాలంలో ఆ కూత వినగానే ఇంకో మగపక్షి తన చోటులోకి వచ్చిందనుకుని అది తిండి మానేసి గొడవకి దిగుతుంది. పిల్లలకి సరదాగా ఉంటుంది, దానికి ప్రాణసంకటం. ఇంట్లో వినిపించండి.

మూడోది, పదిమంది గుంపుగా వెళ్లడం. నలుగురు మించితే మాటలు ఆగవు. పెద్ద గుంపైతే రెండు జట్లుగా, పావుగంట తేడాతో బయల్దేరండి.

చూసింది అదేనా? ఎలా సరిచూసుకోవాలి

మెర్లిన్ జాబితాలో పదిహేను పేర్లు వచ్చాయంటే మీరు పదిహేను పక్షుల్ని చూసినట్టు కాదు. మాకింగ్‌బర్డ్ అనే పిట్ట వేరే పక్షుల కూతలన్నీ వరసగా అనుకరిస్తుంది. బ్లూ జే అచ్చం డేగలా అరుస్తుంది. యాప్ రెండింటి దగ్గరా పొరబడగలదు. నేనైతే కంటితో చూసినవాటికి టిక్కు, విన్నవాటికి చుక్క పెట్టుకుంటాను. ఒకే పేరు యాప్‌లో పదేపదే వెలుగుతుంటే నమ్మొచ్చు, ఒక్కసారి మెరిసి పోయినదాన్ని వదిలేయండి.

ఆకాశంలో పెద్ద పక్షి కనబడగానే "బాల్డ్ ఈగిల్!" అని కేకలు వేస్తారు. రెక్కలు చూడండి. పలకలా తిన్నగా చాచి, ఊగకుండా వెళితే ఈగిల్. 'వి' ఆకారంలో ఎత్తి ఊగుతుంటే రాబందు. తెల్ల తల లేదని ఈగిల్ కాదనుకోవద్దు, తల తెల్లబడటానికి దానికి దాదాపు ఐదేళ్లు పడుతుంది. అప్పటిదాకా గోధుమ రంగు మచ్చలతోనే తిరుగుతుంది.

ఇంటికొచ్చాక మీరు రాసుకున్న నాలుగు మాటల్ని యాప్‌లోని వర్ణనతో పోల్చండి. ఆ పక్షి ఈ నెలలో ఈ కౌంటీలో ఉంటుందా అన్నదీ అక్కడే తెలుస్తుంది. రెండూ కుదిరితేనే ఖాయం చేయండి. మొదటి నడకలో ఎనిమిది, పది జాతుల్ని ధైర్యంగా చెప్పగలిగితే చాలా బాగా చూసినట్టే.

నడవలేనివాళ్లుంటే

మోకాళ్ల నొప్పులుంటే ట్రెయిల్ వదిలేయండి. నది ఎదురుగా బల్ల దగ్గర గంటసేపు కూర్చుంటే ఆస్ప్రే, కొంగ, నీటికాకి, బాతులు అవే వస్తాయి. స్ట్రోలర్‌కి, వీల్‌చెయిర్‌కి ఈ దారి పనికిరాదు. అలాంటప్పుడు నది అవతల మేరీల్యాండ్ వైపు సీ అండ్ ఓ కాలువ గట్టుకి వెళ్లండి. వెడల్పుగా, చదునుగా ఉంటుంది, పక్షులు దాదాపు ఇవే. అక్కడి గ్రేట్ ఫాల్స్ దగ్గర ప్రవేశ రుసుము ఉంటుంది. స్టెర్లింగ్, ఆష్‌బర్న్ వాళ్లకి ఆల్గాంకియన్ పార్క్ ఇంకా దగ్గర, అదీ పొటోమాక్ ఒడ్డే.

జాబితా దాచుకోవాలంటే ఈబర్డ్ అనే యాప్‌లో నమోదు చేయండి, అదీ కార్నెల్ వాళ్లదే, ఉచితమే. ఎంతసేపు, ఎంత దూరం, ఎన్ని పక్షులు అని అడుగుతుంది. వడ్రంగి పిట్టేనని తెలిసి ఏ రకమో తేలకపోతే ఊహించి పేరు పెట్టకండి. 'ఏదో ఒక వడ్రంగి పిట్ట' అని నమోదు చేసే వీలు అందులోనే ఉంది.